ఇంక్స్ లేక్ స్టేట్ పార్కుకి ఆర్‌వీలో ఏడుగురం: బండి, సైటు, కరెంటు, నీళ్ల లెక్క

ఐర్వింగ్_వాసి
అందరికీ నమస్కారం. అక్టోబరులో రెండు రాత్రులు టెక్సస్‌లోని ఇంక్స్ లేక్ స్టేట్ పార్కులో ఆర్‌వీ (లోపలే పడకలు, వంటిల్లు, బాత్‌రూమ్ ఉండే బండి) అద్దెకు తీసుకుని ఉండాలనుకుంటున్నాం. మేమిద్దరం, బావమరిది, విజయవాడ నుంచి వస్తున్న అమ్మానాన్న, 5, 9 ఏళ్ల పిల్లలు. ఎవరికీ ఆర్‌వీ అనుభవం లేదు. ఎంత పొడుగు బండి తీసుకోవాలి, ఏ సైటు బుక్ చేయాలి, మన వంట లోపల కుదురుతుందా, నాన్నగారికి మోకాళ్ల నొప్పులు కాబట్టి ఏమేం చూసుకోవాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

హిల్‌కంట్రీ_సీడర్‌పార్క్
ముందు సైటు, తర్వాతే బండి. చాలామంది తిరగేసి చేస్తారు. టెక్సస్ స్టేట్ పార్కుల్లో రాత్రి బసకి 5 నెలల ముందు నుంచి బుకింగ్ దొరుకుతుంది. అక్టోబరు శని, ఆదివారాలు కావాలంటే మే నెలలోనే కూర్చోవాలి. ఆ నెల రెండో సోమవారం కొలంబస్ డే సెలవు ఉన్న స్కూల్ డిస్ట్రిక్టులు చాలా ఉన్నాయి, ఆ వారాంతం ఒడ్డు పక్క సైట్లు ముందే అయిపోతాయి. ఆదివారం నుంచి మంగళవారం వరకు ఉండగలిగితే ఎంపిక బాగా పెరుగుతుంది.

సైటు పేజీలో మూడు సంగతులు చూడండి: కరెంటు 30 ఆంప్సా 50 ఆంప్సా, బండి పొడుగు ఎంతవరకు పడుతుంది, బాత్‌రూమ్ ఎంత దూరం. మూడోది నాన్నగారి కోసం. ఒడ్డు పక్క సైటు అందంగా ఉంటుంది కానీ రాత్రి రెండింటికి టార్చ్ పట్టుకుని నడవాల్సిన దూరం కూడా లెక్కలోకి తీసుకోండి. ఒక సైటుకి 8 మంది వరకే, మీరు ఏడుగురు కాబట్టి సరిపోతారు. ఈ పార్కులో సైట్ల దగ్గర నీళ్లు, కరెంటు ఉంటాయి, సీవర్ (మురుగు గొట్టం) కనెక్షన్ ఉండదు. వాడిన నీళ్లు పార్కులోని డంప్ స్టేషన్‌కి తీసుకెళ్లి వదలాలి. మీ ప్లానంతా ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది.

సైటు అద్దెలో ప్రవేశ రుసుము కలిసి ఉండదు. ఇక్కడ పెద్దలకు రోజుకు 7 డాలర్లు, 12 ఏళ్లు, అంతకు లోపు పిల్లలకు ఉచితం. ఐదుగురికి రెండు రోజులంటేనే 70. ఏడాది పాసు కూడా ఉంది, పాసు ఉన్నవారి కారులో వచ్చిన అందరికీ ప్రవేశం ఉచితం. కాబట్టి పాసు ధర చూసి లెక్క వేసుకోండి, అది ఏడాదంతా మిగతా స్టేట్ పార్కులకీ పనికొస్తుంది.

ఇంక్స్ లేక్‌ని ఎంచుకోవడం మంచి నిర్ణయం. పైనున్న బుకానన్ సరస్సు నుంచి వచ్చే నీళ్లు దీని మీదుగా కిందికి వెళ్లిపోతాయి కాబట్టి నీటిమట్టం దాదాపు ఒకేలా ఉంటుంది. కరువు ఏడాదుల్లో ట్రావిస్, బుకానన్ సరస్సుల ఒడ్డులు వెనక్కి పోయి బోటు ర్యాంపులు మూతపడినా ఇక్కడ పిల్లలు నీళ్లలో ఆడుకోగలరు.

ప్లేనో_స్టీరింగ్
బండి సంగతి చెప్తాను. 30 అడుగులది తీసుకోవద్దు. డ్రైవరు క్యాబిన్ పైన పడక ఉండే 25 అడుగుల క్లాస్ సి రకం ఆర్‌వీ చాలు, వెనక ఒక కారు రావాలి. ఆర్‌వీలో పడకలు ఎన్నున్నాయో చూసి ఏడుగురు పడతారనుకోవద్దు, సీటు బెల్టులు ఎన్నో అడగండి. రెండు లెక్కలూ వేరు. పిల్లల కార్ సీట్లు ముందుకు చూసే సీటులోనే బిగించాలి. పక్కకి చూసే సోఫాలో బెల్టు ఉన్నా అక్కడ కార్ సీటు పెట్టకూడదు. క్యాబిన్ పైనున్న పడకలో ప్రయాణమప్పుడు ఎవరూ ఉండకూడదు.

ఇలాంటి బండి ఎక్కువగా ఫోర్డ్ ఈ-450 ఛాసీ (బండి కింది చట్రం) మీద వస్తుంది, మొత్తం అనుమతి బరువు 14,500 పౌండ్లు. టెక్సస్‌లో 26,001 పౌండ్ల లోపు మామూలు లైసెన్సే చాలు. కానీ మీ కారు ఇన్సూరెన్స్, క్రెడిట్ కార్డు అద్దె కవరేజీ రెండూ సాధారణంగా ఆర్‌వీకి వర్తించవు. ఫోన్ చేసి కనుక్కుని, లేదంటే అద్దె కంపెనీ దగ్గరే తీసుకోండి.

డాలస్ పక్కనున్న మీ ఐర్వింగ్ నుంచి పార్కు సుమారు 200 మైళ్లు. ఐ-35 మీద బెల్టన్, అక్కడి నుంచి 190 హైవే మీద లాంపాసస్, 281 హైవే మీద బర్నెట్, తర్వాత 29 హైవే మీద పడమరకి వెళ్తే పార్క్ రోడ్ 4 వస్తుంది. రానూపోనూ 400 మైళ్లు. గ్యాలన్‌కి 8 నుంచి 10 మైళ్లు ఇస్తుంది, అంటే 40 నుంచి 50 గ్యాలన్ల గ్యాస్ (పెట్రోలు). ఒప్పందంలో రోజుకు 100 మైళ్లే ఉంటే మూడు రోజులకు 300, మిగతా వందకి విడిగా కట్టాలి. మైలుకి 40 సెంట్లయితే 40 డాలర్లు, పెద్ద నష్టం కాదు కానీ ముందే తెలిసి ఉండాలి.

నడపడంలో ఇబ్బంది పెట్టేది పొడుగు కంటే తోక. వెనక చక్రాల తర్వాత ఏడెనిమిది అడుగుల బాడీ వేలాడుతుంటుంది. గ్యాస్ పంపు దగ్గర నుంచి ఎడమకి తిప్పగానే ఆ తోక కుడి పక్కకి ఊగి పంపుని రాసుకుంటుంది. ముందు ఒక బండి పొడుగు తిన్నగా కదిలి, ఆ తర్వాతే తిప్పండి. ఎత్తు 11-12 అడుగులు ఉంటుంది. సరైన అంకె అడిగి స్టీరింగ్ పక్కన టేపు మీద రాసి అంటించండి. డ్రైవ్ త్రూలు, తక్కువ ఎత్తు షెడ్ల కిందికి వెళ్లనే వద్దు.

ఐర్వింగ్_వాసి
ధన్యవాదాలు. మా ఎస్‌యూవీకి 5,000 పౌండ్లు లాగే శక్తి ఉందని రాసి ఉంది. ట్రైలర్ తీసుకుంటే చవకగా అయిపోతుందా?

ప్లేనో_స్టీరింగ్
వద్దండీ. డ్రైవర్ తలుపు తెరిస్తే పేలోడ్ (బండి మోయగల బరువు) స్టిక్కరు కనిపిస్తుంది, లాగే శక్తి కంటే అదే ముఖ్యం. ట్రైలర్ బరువులో 10-15 శాతం హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద పడుతుంది. 4,500 పౌండ్ల ట్రైలర్ అంటే 450 నుంచి 675 పౌండ్లు. దానికి ఏడుగురి బరువు, సామాను కలిపితే చాలా ఎస్‌యూవీలు హద్దు దాటేస్తాయి. వెనక భాగం కుంగి ముందు చక్రాల మీద పట్టు తగ్గుతుంది, ఐ-35 మీద ట్రక్కు పక్కనుంచి పోగానే ట్రైలర్ ఊగుతుంది. మొదటిసారి వెళ్లేవాళ్లు, అందులో పెద్దవాళ్లతో, పిల్లలతో వెళ్లేవాళ్లు ఇది నేర్చుకునే సందర్భం కాదు.

ఆంపియర్_ఆస్టిన్
కరెంటు లెక్క చెప్తాను, మన వాళ్ల ట్రిప్పుల్లో ఎక్కువగా తేడా కొట్టేది ఇదే. 30 ఆంప్స్ అంటే 120 వోల్టుల మీద 3,600 వాట్లు. ఆగకుండా వాడేదాన్ని 24 ఆంప్స్ లోపు ఉంచుకోండి. పైకప్పు ఏసీ (13,500 బీటీయూ) సుమారు 13 ఆంప్స్ లాగుతుంది. వాటర్ హీటర్ కరెంటు మీద 12, మైక్రోవేవ్ 13, ఆరు క్వార్ట్ల ఇన్‌స్టంట్ పాట్ 8 నుంచి 9, ఇండక్షన్ పొయ్యి ఎక్కువలో పెడితే 15. ఏసీ, హీటర్ రెండూ ఉండగానే పాట్ పెట్టారంటే బ్రేకర్ పడిపోతుంది.

పరిష్కారం సులువు. వాటర్ హీటర్‌ని, ఫ్రిజ్ రెండు రకాలుగా పనిచేసేదైతే దాన్ని కూడా, ప్రొపేన్ మీదకి మార్చండి. ఇంకొకటి చాలామంది గమనించరు: కరెంటు స్తంభం మీద 30 ఆంప్స్ సాకెట్‌తో పాటు మామూలు 20 ఆంప్స్ సాకెట్ ఉంటుంది, దాని బ్రేకర్ వేరు. 12 గేజ్ అవుట్‌డోర్ ఎక్స్‌టెన్షన్ వైరుతో ఇన్‌స్టంట్ పాట్, రైస్ కుక్కర్ దాని మీద బయట బల్ల మీద పెట్టుకుంటే లోపల ఏసీకి ఏ ఇబ్బందీ ఉండదు. సన్న వైరు వాడకండి, వేడెక్కుతుంది. రెండూ ఒకేసారి పెట్టాలంటే వాట్లు కూడి చూసుకోండి.

ఇండియా నుంచి తెచ్చిన 230 వోల్టుల మిక్సీ ఇక్కడ సరిగ్గా తిరగదు. పచ్చళ్లు ఇంట్లోనే రుబ్బుకుని వెళ్లండి.

ప్లగ్ పెట్టే వరస: స్తంభం బ్రేకర్ ఆఫ్ చేయాలి, సర్జ్ ప్రొటెక్టర్ (ఓల్టేజి హఠాత్తుగా పెరిగితే బండిని కాపాడే పరికరం) పెట్టాలి, బ్రేకర్ ఆన్ చేసి దాని లైట్లు సరిగ్గా ఉన్నాయో చూడాలి, మళ్లీ ఆఫ్ చేసి బండి తీగ పెట్టాలి, అప్పుడు ఆన్. బండిలో ఏసీ ముందే ఆఫ్‌లో ఉండాలి. లోడుతో ప్లగ్ పెడితే నిప్పురవ్వలు వచ్చి పిన్నులు నల్లబడతాయి. ఓల్టేజి పడిపోతే కరెంటు ఆపే ఈఎంఎస్ రకం ప్రొటెక్టర్ అయితే ఇంకా మంచిది. పార్కు నిండి ఉన్న రోజు సాయంత్రం అందరూ ఏసీలు వేస్తే ఓల్టేజి దిగుతుంది, అప్పుడు కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగి పాడవుతుంది.

వంటింటి సాకెట్ హఠాత్తుగా పనిచేయకపోతే కంగారు పడొద్దు. చాలా బండ్లలో బాత్‌రూమ్‌లో ఉన్న జీఎఫ్‌సీఐ (షాక్ కొట్టకుండా కరెంటు ఆపే సాకెట్) బటనే వంటింటికీ కలిపి ఉంటుంది. దాన్ని నొక్కి చూడండి.

కేటీ_వంటిల్లు
లోపల పోపు పెట్టొద్దని గట్టిగా చెప్తాను. ఎండుమిరప ఘాటుకి ఆ చిన్న జాగాలో స్మోక్ అలారం మోగుతుంది, అది పెద్ద సమస్య కాదు. వాసన కుషన్ల ఫోములో, కర్టెన్లలో పడుతుంది. అద్దె ఒప్పందంలో వాసనకి, మరకలకి శుభ్రం చేసే ఫీజు ఉంటుంది, చదివి సంతకం పెట్టండి.

రెండు బర్నర్ల క్యాంపు పొయ్యి బయట పెట్టుకోండి. 1 పౌండు ఆకుపచ్చ సిలిండరులో సుమారు 21,500 బీటీయూ ఉంటుంది, 10,000 బీటీయూ బర్నరు ఫుల్లుగా వాడితే రెండు గంటలు. ఏడుగురికి రెండు రోజులకు అలాంటివి నాలుగు తీసుకెళ్లండి. 20 పౌండ్ల సిలిండరుకి గొట్టం, సరైన అడాప్టరు ఉంటే ఇంకా చవక. గాలికి మంట ఎగిరిపోతుంది, మూడు వైపులా రేకు అడ్డం పెట్టండి.

తిండి ఇలా వేసుకోండి. మొదటి మధ్యాహ్నానికి పులిహోర, చల్ల మిరపకాయలు, ఫ్రిజ్ అక్కర్లేదు. కూరలకి ఉల్లి, టమాటా, అల్లం వెల్లుల్లి వేయించిన ముద్దని జిప్ కవర్లలో పల్చగా పరిచి గడ్డకట్టించి తీసుకెళ్తే కూలరులో ఐసు పని చేస్తాయి. పప్పు ఇంట్లోనే ఉడికించి గడ్డకట్టించండి. ఇడ్లీ పిండి డబ్బాలో సగం వరకే పోయాలి. బండి కుదుపులకీ వేడికీ పొంగి ఫ్రిజ్ అంతా కారుతుంది. ప్రయాణానికి ముందు ఫ్రిజ్ తలుపు గొళ్లెం పడిందో లేదో చేత్తో లాగి చూడండి.

కంచాల బదులు ఇండియన్ స్టోర్‌లో దొరికే ఎండు విస్తళ్లు. ఎందుకో ట్యాంకుల గురించి చెప్పేవాళ్లు చెప్తారు.

ఆంపియర్_ఆస్టిన్
కేటీ గారూ, పొయ్యి మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను కానీ అక్టోబరులో ఏసీ అంతగా అక్కర్లేదు, ఇన్‌స్టంట్ పాట్ మీదే అన్నం, పప్పు కానిచ్చేస్తే నాలుగు సిలిండర్లు ఎక్కువేమో.

కేటీ_వంటిల్లు
అక్టోబరులో మధ్యాహ్నం 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటే రోజులు హిల్ కంట్రీలో (ఆ పార్కున్న కొండల ప్రాంతంలో) ఉంటాయండీ. కరెంటు పోయినా వంట ఆగకూడదు, పిల్లలున్నారు. మిగిలిన సిలిండరు ఎక్కడికీ పోదు.

ట్యాంకు_లెక్క
నేను చెప్పేది కాస్త పొడుగ్గా ఉంటుంది, కానీ సీవర్ లేని పార్కులో ట్రిప్పు బాగుండడం దీనిమీదే ఆధారపడి ఉంది.

25 అడుగుల బండిలో సింకు, స్నానం నీళ్లు చేరే గ్రే ట్యాంకు, టాయిలెట్‌ది అయిన బ్లాక్ ట్యాంకు ఉంటాయి, ఒక్కోటి 30 గ్యాలన్ల అటూ ఇటూ. మీ బండి అంకెలు అడిగి రాసుకోండి. షవరు నిమిషానికి 2 గ్యాలన్లు పోస్తుందనుకుంటే, ఏడుగురు 5 నిమిషాల చొప్పున స్నానం చేస్తే 70 గ్యాలన్లు. అంటే మొదటి ఉదయానికే గ్రే ట్యాంకు నిండి, నీళ్లు షవర్ జాలీలోంచి పైకి తంతాయి. కాబట్టి స్నానాలు పార్కు బాత్‌రూములోనే. బండిలో షవరు అమ్మా నాన్నలకి మాత్రమే ఉంచండి, ఒళ్లు తడుపుకుని నీళ్లు ఆపి, సబ్బు రాసుకుని, మళ్లీ తెరిచి కడుక్కునే పద్ధతిలో. హీటరు మామూలుగా 6 గ్యాలన్లే, వేడినీళ్లు కూడా అంతకు మించి రావు.

గిన్నెలకి ముందు పేపర్ టవల్‌తో నూనె, మెతుకులు తుడిచి చెత్తలో వేయండి. మెతుకులు సింకు కింది వంపులో ఇరుక్కుంటాయి, నూనె ట్యాంకు గోడలకి అంటి సెన్సార్లు అబద్ధం చెప్తాయి, రెండో రోజుకి కంపు మొదలవుతుంది. విస్తళ్లు ఇందుకే. బియ్యం కడిగిన నీళ్లు చెట్టుకి పోయడం మనకి అలవాటు, ఇక్కడ వాడిన నీళ్లేవీ నేలమీద పోయకూడదు, కొళాయి దగ్గర గిన్నెలు కడగకూడదు.

బ్లాక్ ట్యాంకు: బయలుదేరే ముందు 2-3 గ్యాలన్ల నీళ్లు, టాయిలెట్ ట్యాంకుల కోసం అమ్మే మందు పోసి ఉంచండి. ఎండు ట్యాంకులో కాగితం, మలం సరిగ్గా గొట్టం కింద కుప్పగా గట్టిపడుతుంది, తర్వాత దాన్ని కదిలించడం నరకం. త్వరగా కరిగే టాయిలెట్ పేపరే వాడాలి. తడి తుడుపు గుడ్డలు, కవరు మీద ఫ్లష్ చేయొచ్చని రాసున్నా సరే, వేయకూడదు.

ఐర్వింగ్_వాసి
అమ్మానాన్నలు మగ్గు, నీళ్లు లేకుండా ఉండలేరు. ట్యాంకు త్వరగా నిండిపోతుందా?

ట్యాంకు_లెక్క
ఆ నీళ్లు బ్లాక్ ట్యాంకుకి మంచివే, కాగితం తగ్గుతుంది, లోపలిది పల్చగా ఉండి తేలిగ్గా బయటికి పోతుంది. ఒక్కోసారి లీటరు అనుకున్నా ఇద్దరికీ రెండు రోజుల్లో నాలుగైదు గ్యాలన్లు దాటదు. మిగతా ఐదుగురు పగలు పార్కు బాత్‌రూము వాడితే సరిపోతుంది. పెద్దవాళ్లకి ముందే పెడల్ చూపించండి: సగం నొక్కితే నీళ్లు నిండుతాయి, పూర్తిగా నొక్కితే తెరుచుకుంటుంది. కొన్ని మోడళ్లలో తేడా ఉంటుంది, బండి ఇచ్చేటప్పుడు అడగండి.

సైటులో నీటి కొళాయికి ప్రెషర్ రెగ్యులేటర్ మొదట, తర్వాత ఫిల్టర్, తర్వాత తాగే నీటి గొట్టం. రెగ్యులేటర్ లేకపోతే ప్రెషరు ఎక్కువున్న చోట లోపలి ప్లాస్టిక్ జాయింట్లు వదిలేస్తాయి. హీటరు ట్యాంకులో నీళ్లు నిండకుండా కరెంటు స్విచ్ వేయొద్దు, ఎలిమెంట్ నిమిషాల్లో కాలిపోతుంది. వేడినీళ్ల కొళాయి తిప్పి, గాలి బుసలు ఆగి నీళ్లు ధారగా వచ్చాకే వేయండి.

హిల్‌కంట్రీ_సీడర్‌పార్క్
చేరిన తర్వాతి వరస కూడా చెప్తాను. వెలుతురు ఉండగానే చేరండి. బండి మధ్యాహ్నం చేతికిచ్చే కంపెనీ అయితే ముందు రోజే తీసుకోండి. పాతరకం ప్రొపేన్ ఫ్రిజ్ చల్లబడడానికి 8 నుంచి 12 గంటలు పడుతుంది, కనుక ముందు రాత్రే ఆన్ చేయాలి.

సైటులోకి వెనక్కి పోనిచ్చే ముందు ఒకరు దిగి పైన కొమ్మలు, వెనక బల్ల, పొయ్యి గుంట చూడాలి. ఆయన అద్దంలో కనిపించకపోతే డ్రైవరు వెంటనే ఆపేయాలి. తర్వాత మట్టం: పక్కకి వాలితే తక్కువున్న చక్రం కింద ప్లాస్టిక్ దిమ్మెలు, దిమ్మె ఒకటికి సుమారు అంగుళం. చక్రాలకి అడ్డాలు పెట్టి, ఆ తర్వాతే కరెంటు, నీళ్లు, చివర్న స్లైడ్ (బయటికి జరిగే గది భాగం). మట్టం చూసేది నిద్ర కోసమే అనుకుంటారు. పాతరకం ఫ్రిజ్‌లో అమోనియా బరువుతోనే ప్రవహిస్తుంది, వాలి ఉంటే ఒకచోట నిలిచి యూనిట్ శాశ్వతంగా పాడవుతుంది.

అవనింగ్ (బండి పక్కకి తెరుచుకునే గుడ్డ పందిరి) తెరిచి నిద్రపోవద్దు, సరస్సు ఒడ్డున సాయంత్రం గాలి లేస్తే విరిగిపోతుంది. డిపాజిట్ పోయేది ఎక్కువగా దాని వల్లే.

మంట వేయాలంటే బర్న్ బ్యాన్ (బయట మంటల మీద నిషేధం) ఉందేమో అదే రోజు చూడండి. నిషేధం ఉన్నప్పుడు కట్టెలు, బొగ్గు కుదరవు, గ్యాస్ పొయ్యికి సాధారణంగా అనుమతి ఉంటుంది. పార్కులో పుల్లలు ఏరకూడదు. డాలస్ నుంచి కట్టెలూ తేవద్దు, ఓక్ విల్ట్ అనే శిలీంధ్ర తెగులు పచ్చి కట్టెలతో కూడా పాకుతుంది, సెంట్రల్ టెక్సస్‌లో ఇప్పటికే లెక్కలేనన్ని చెట్లు పోయాయి. బర్నెట్‌లో కొనండి. రాత్రి తిండి, చెత్త సంచి బయట వదలొద్దు, రకూన్లు కూలరు మూత కూడా తెరుస్తాయి.

మందు పార్కులో బహిరంగంగా తాగకూడదు. స్పీకరు పాటలు మీ సైటు దాటి వినిపించకూడదు, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పూర్తి నిశ్శబ్దం.

పిల్లలతో_రౌండ్‌రాక్
సరస్సు గురించి ఎవరూ చెప్పలేదు. లైఫ్‌గార్డులు ఉండరు. టెక్సస్ చట్టం ప్రకారం 26 అడుగుల లోపు పడవల్లో 13 ఏళ్లలోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి, కయాక్‌కీ ఇదే. ఒడ్డున ఆడుకునేటప్పుడు కూడా ఐదేళ్ల పాపకి లేదా బాబుకి వేసే ఉంచండి. చేతులకి పెట్టే గాలి బుడగలు పనికిరావు, కోస్ట్ గార్డ్ ఆమోద ముద్ర, పిల్లల బరువు హద్దు ముద్రించిన జాకెట్టే కొనండి. ముందే కొని ఇంట్లో వేసి భుజాల దగ్గర పట్టుకుని పైకి లేపి చూడండి, చెవుల దాకా జారితే అది పెద్దదైపోయినట్టే.

పార్కులోని డెవిల్స్ వాటర్‌హోల్ అనే మడుగు దగ్గర కుర్రాళ్లు బండల మీద నుంచి దూకుతుంటారు. నీటి అడుగున బండలు కనబడవు. చూడడానికి వెళ్లండి, అక్కడి గులాబీ రంగు నైస్ (gneiss) అనే రకం రాళ్లు వంద కోట్ల ఏళ్లకు పైబడినవి, హైదరాబాదు గుట్టలు చూసిన కళ్లకి సొంతూరులా ఉంటుంది. తడి రాయి మీద చెప్పులు జారతాయి, వెనక పట్టీ ఉన్న నీళ్ల బూట్లు అందరికీ తీసుకెళ్లండి. స్టేట్ పార్కు ఒడ్డు నుంచి చేపలు పట్టడానికి లైసెన్సు అక్కర్లేదు, తొమ్మిదేళ్ల పిల్లలకి ఒక గాలం చాలు, పొద్దంతా అక్కడే ఉంటారు.

నాన్నగారికి: ఆర్‌వీ మెట్లు ఇరుకు, ఎత్తు. కింద గట్టి ప్లాస్టిక్ స్టెప్ స్టూలు వేసి, తలుపు పక్క పట్టుకునే కడ్డీ ఉన్న బండి అడగండి. వెనక పడక ఆయనకివ్వండి, పైపడక బావమరిదిగారికి. అదే పార్క్ రోడ్ మీద కాస్త దక్షిణంగా లాంగ్‌హార్న్ కావెర్న్ గుహ ఉంది, ఏడాదంతా 68 డిగ్రీల ఫారెన్‌హీటే ఉంటుంది. మెట్లు, ఎత్తుపల్లాలు ఉన్నాయి, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు ఆలోచించుకోవాలి. ఆర్‌వీ సైటులోనే ఉంచి కారులో వెళ్లండి.

ఐర్వింగ్_వాసి
చాలా చాలా థాంక్స్. ఆదివారం నుంచి మంగళవారం, బాత్‌రూముకి దగ్గరగా 30 ఆంప్స్ సైటు, 25 అడుగుల క్లాస్ సి, వెనక కారు. మంగళవారం సాయంత్రం 4కి బండి తిరిగివ్వాలి. డంపింగ్ ఎప్పుడు, ఎలా?

ట్యాంకు_లెక్క
మంగళవారం కాబట్టి క్యూ ఉండదు, ఆదివారమైతే గంట వేచి ఉండాల్సి వచ్చేది. అయినా 9:30కల్లా సైటు వదలండి, డంప్‌కి అరగంట, దారికి ఆర్‌వీలో నాలుగున్నర గంటలు వేసుకోండి.

చేతికి డిస్పోజబుల్ గ్లవ్స్. ముందు రెండు వాల్వులూ మూసి ఉన్నాయో చూసి, ఆ తర్వాతే గొట్టం మూత తీయాలి. గొట్టాన్ని బండి వైపు తిప్పి బిగించి, గట్టిగా లాగి చూడండి. రెండో కొస నేల రంధ్రంలో పెట్టి, జారకుండా రాయి పెట్టండి. బ్లాక్ వాల్వు ముందు తెరవాలి, ధార ఆగాక మూసి గ్రే తెరవాలి, ఆ సబ్బునీళ్లే గొట్టాన్ని కడిగేస్తాయి. గ్రే సగమైనా నిండి ఉంటేనే ఈ పని జరుగుతుంది, కనుక చివరి ఉదయం గిన్నెలు బండి సింకులో కడగండి. డంప్ దగ్గర తాగే నీళ్లు కాదని రాసి ఉన్న కొళాయికి మీ తాగే నీటి గొట్టం తగిలించొద్దు. బ్లాక్ ట్యాంకు మీటరు తర్వాత కూడా సగం చూపిస్తుంటే అది సెన్సారుకి అంటుకున్న కాగితం, ఫోటో తీసి ఉంచుకోండి.

ప్లేనో_స్టీరింగ్
తిరిగిచ్చే చోటికి 10 మైళ్ల లోపు గ్యాస్ నింపి రసీదు ఉంచుకోండి. ప్రొపేన్ కూడా నింపి ఇవ్వాలని ఒప్పందంలో ఉందేమో చూడండి. ఉంటే దారిలో బర్నెట్‌లోనో లాంపాసస్‌లోనో నింపించుకోవాలి, ఐర్వింగ్ చేరాక వెతికితే టైము పోతుంది. నింపేటప్పుడు ఫ్రిజ్, హీటరు, పొయ్యి పైలట్ అన్నీ ఆపి, అందరూ కిందకి దిగాలి.